"మీ డబ్బు ఎస్క్రోలో ఉంటుంది సార్" అంటే ఎవరి చేతిలో ఉన్నట్టు?

కిరాయి_కూకట్‌పల్లి

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా అద్దింట్లోనే ఉంటున్నాం. ఈ మధ్య బాచుపల్లి దాటాక ఒక ప్రాజెక్టులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ చూశాం. అన్నీ కలిపి 80 లక్షలు. రెరా (ఇళ్ల ప్రాజెక్టుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) నంబరు ఉంది, ఐదో స్లాబ్ పడింది. సేల్స్ అబ్బాయి ప్రతి అనుమానానికీ ఒకటే జవాబు చెప్పాడు: "మీ డబ్బు ఎస్క్రోలో ఉంటుంది సార్, ఎక్కడికీ పోదు." బ్రోచర్ చివరి పేజీలోనూ తాళం బొమ్మ వేసి అదే మాట రాశారు. అర్థమైనట్టు తల ఊపి వచ్చేశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ "ఎస్క్రో అంటే ఏంటి" అని అడిగితే నోరు పెగల్లేదు.

బ్యాంకు లాకర్ లాంటిదా? ఎఫ్‌డీనా? మా నాన్నకి చెబితే "అవన్నీ సరే, ఎవరు సంతకం పెడితే ఆ డబ్బు బయటికొస్తుందో అది అడుగు" అన్నారు. ఆదివారం 20 లక్షలు కట్టమంటున్నారు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాత_బ్యాంకోడు

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. అసలు ప్రశ్న ఆయనే అడిగారు.

లాకర్ కాదు, ఎఫ్‌డీ కాదు. ఇద్దరి మధ్య బేరం కుదిరింది, నమ్మకం మాత్రం కుదరలేదు. డబ్బు ముందిస్తే సంతకం పెట్టడేమోనని కొనేవాడి భయం. సంతకం ముందు పెడితే డబ్బు రాదేమోనని అమ్మేవాడి భయం. అప్పుడు డబ్బో, కాగితమో, రెండూనో తీసుకెళ్లి మూడో మనిషి చేతిలో పెడతారు. ఫలానా పని జరిగితే ఇతనికివ్వు, ఫలానా తేదీలోపు జరగకపోతే అతనికి తిరిగిచ్చెయ్ అని ముందే రాసుకుంటారు. ఆ మూడో మనిషే ఎస్క్రో ఏజెంటు. మన దగ్గర ఎక్కువగా బ్యాంకో, ట్రస్టీ కంపెనీయో ఆ పని చేస్తుంది.

నేను సర్వీసులో ఉన్నప్పుడు ఇలాంటి ఖాతాలు కొన్ని చూశాను. ఒప్పందం నలభై పేజీలుండేది. మేం వేలు పెట్టి చదివేది మాత్రం ఒక్క పేజీయే: ఏ కాగితం వస్తే డబ్బు వదలాలి, దాని మీద ఎవరెవరి సంతకాలుండాలి. రెండు సంతకాలని రాసి ఉండి ఒకటే వస్తే, ఆ కంపెనీ ఎండీ వచ్చి ఎదురుగా కూర్చున్నా వదిలేవాళ్లం కాదు. అలాగని ఆ కాగితంలో చెప్పిన పని నిజంగా జరిగిందా అని వెళ్లి చూసేవాళ్లమూ కాదు. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, మీకు పనికొస్తుంది.

భీమవరం_బుల్లోడు

సంక్రాంతికి బరి దగ్గర పందెం డబ్బు ఎవరి చేతిలో పెడతారండీ? కోళ్లు వదిలే ఇద్దరికీ ఇవ్వరు కదా, మధ్యలో ఒక పెద్దమనిషి పట్టుకుంటాడు. ఎస్క్రో అంటే అంతే. దీనికి నలభై పేజీలెందుకో.

కోర్టు_మెట్లు

బుల్లోడు గారూ, పోలిక బాగానే కుదిరింది గానీ మీ పెద్దమనిషి ఆ డబ్బుతో ఉడాయిస్తే మీరు కోర్టుకి రాలేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందాలు చెల్లవు. పందెం తేలేదాకా మూడో మనిషి చేతిలో పెట్టిన డబ్బు కోసం కూడా దావా వేయడానికి వీల్లేదని ఆ సెక్షన్‌లోనే ఉంది. నలభై పేజీలు అందుకు.

మాట ఎక్కడిదో కూడా చెబుతాను, సరదాగా ఉంటుంది. పాత ఫ్రెంచిలో ఈ మాటకి తోలు కాగితం ముక్క, చుట్ట అని అర్థం. ఇంగ్లీషు 'స్క్రోల్' కూడా ఆ కుదురుదే. అంటే మొదట్లో ఎస్క్రోలో పెట్టింది డబ్బు కాదు, దస్తావేజు. అమ్మేవాడు సంతకం చేసి ముద్ర వేసిన దస్తావేజుని మూడో మనిషికి అప్పగిస్తాడు. షరతు తీరాక అది కొన్నవాడి చేతికి వెళ్తుంది, అప్పటిదాకా అది అమలులోకి రాదు. డబ్బు ఖాతాకి ఆ పేరు రావడం తర్వాతి సంగతి.

మన దేశంలో 'ఎస్క్రో చట్టం' అని విడిగా ఏదీ లేదు. ఒక్కో రంగంలో ఆర్‌బీఐ, షేర్ మార్కెట్‌ని చూసే సెబీ, రెరా పెట్టిన నిబంధనలుంటాయి. మిగతాదంతా మీరు రాసుకున్న ఒప్పందమే. ఒప్పందంలో లేనిది బ్రోచర్‌లో తాళం బొమ్మగా ఉంటే అది బొమ్మే.

కిరాయి గారూ, ఎస్క్రో కంటే ముందు ఇంకో విషయం. 80 లక్షల ఫ్లాటుకి 20 లక్షలంటే 25 శాతం. రెరా చట్టం 2016 సెక్షన్ 13 ప్రకారం అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాసి రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి తీసుకోకూడదు. అంటే మీ లెక్కలో 8 లక్షలు. ఆదివారం 20 కట్టమన్నారంటే ఆ లోపు రిజిస్ట్రేషన్ ఉందా?

కిరాయి_కూకట్‌పల్లి

లేదు సార్. "అగ్రిమెంట్ నెల రోజుల్లో చేస్తాం, ముందు బ్లాక్ చేసుకోండి" అన్నారు. ఈ 10 శాతం సంగతి నాకు నిజంగా తెలియదు.

తాటాకు_పుస్తకం

ధర్మశాస్త్రాల్లో 'ఉపనిధి' అని ఉంది, ముద్ర వేసి దాచమని ఇచ్చిన సొత్తు. ఎస్క్రోకి తెలుగు మాటగా దాన్ని వాడుకోవచ్చేమో?

కోర్టు_మెట్లు

మాట బాగుందండీ. కానీ ఉపనిధిలో ఇద్దరే ఉంటారు, దాచమని ఇచ్చినవాడు, తీసుకుని దాచినవాడు. ఇచ్చినవాడు ఎప్పుడడిగితే అప్పుడు తిరిగివ్వాలి. ఎస్క్రోలో ఇచ్చినవాడు ఒక్కడూ వచ్చి అడిగినా ఇవ్వకూడదు. తేడా అక్కడే ఉంది. మన ఊళ్లలో పంచాయితీ మొదలుపెట్టే ముందు ఇరుపక్షాల చేతా పెద్దమనుషుల దగ్గర ధరావతు పెట్టిస్తారు చూడండి, మాట తప్పినవాడిది పోతుంది. దీనికి అదే దగ్గర. పేరు మాత్రం ఎస్క్రో అనే ఉండనివ్వండి, బ్యాంకులో ఉపనిధి ఖాతా కావాలంటే కౌంటర్లో అమ్మాయి కంగారుపడుతుంది.

పాత_బ్యాంకోడు

ఇక బిల్డర్ 'ఎస్క్రో' సంగతికొద్దాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. బ్రోచర్‌లో ఒకే మాట ఉన్నా, దాని కింద ఉండే ఖాతాలు రెండు రకాలు.

మొదటిది రెరా ఖాతా. సెక్షన్ 4(2)(ఎల్)(డీ) ప్రకారం కొనుగోలుదార్ల దగ్గర వసూలైన దానిలో 70 శాతం షెడ్యూల్డ్ బ్యాంకులో విడి ఖాతాలో వేయాలి. ఆ డబ్బు ఆ ప్రాజెక్టు నిర్మాణానికీ, భూమి ఖర్చుకీ మాత్రమే వాడాలి. పని ఎంత శాతం అయిందో ఆ మేరకే తీయాలి. తీయడానికి ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏటా ఆడిట్ చేయించాలి. మీరిచ్చే 20 లక్షల్లో 14 అందులోకి వెళ్తాయి. మిగతా 6 బిల్డర్ ఇష్టం.

ఇప్పుడు మీ నాన్నగారి ప్రశ్న వేసి చూడండి. ఖాతా ఎవరి పేరున ఉంది? బిల్డర్ పేరునే. సర్టిఫికెట్లిచ్చే ముగ్గురికీ ఫీజు కట్టేదెవరు? బిల్డరే. మీ సంతకం ఎక్కడైనా కావాలా? అక్కర్లేదు. చట్టం కూడా దాన్ని 'ప్రత్యేక ఖాతా' అంది గానీ ఎస్క్రో అనలేదు. మంచి కట్టడి, కాదనను. ఒక ప్రాజెక్టు డబ్బు తీసుకెళ్లి ఇంకో ఊళ్లో భూమి కొనే అలవాటుకి అది కళ్లెం వేసింది. కానీ మీ 14 లక్షలు అక్కడే కదలకుండా కూర్చుంటాయనుకోకండి. ఐదో స్లాబ్ పడిందన్నారు కదా, అంతవరకూ అయిన పనికీ, భూమికీ లెక్క చూపించి తీసుకునే హక్కు బిల్డర్‌కి ఇప్పటికే ఉంది. మీరు సోమవారం వేసింది మంగళవారం పోవచ్చు, అదీ చట్టబద్ధంగానే.

రెండో రకం ఖాతా గురించి సేల్స్ అబ్బాయిలు చెప్పరు, సగం మందికి తెలియదు కూడా. ప్రాజెక్టు మీద అప్పిచ్చిన బ్యాంకో, ఫైనాన్స్ కంపెనీయో "కొనేవాళ్లు కట్టే ప్రతి రూపాయీ ఈ ఖాతాలోనే పడాలి, మా వాయిదా పట్టుకున్నాకే మిగతాది మీకు" అని బిల్డర్ చేత రాయించుకుంటుంది. దాని పేరు మాత్రం నిఖార్సుగా ఎస్క్రో ఖాతా. అందులో కాపలా ఉన్నది అప్పిచ్చినవాడి డబ్బుకి. మీది కాదు.

కాబట్టి ఎస్క్రో ఉందా అని అడక్కండి, ఉందనే అంటారు. ఎవరి కోసం పెట్టిన ఎస్క్రో అని అడగండి. ప్రాజెక్టు తాకట్టులో ఉంటే మీ ఫ్లాటు నంబరు వేసి ఎన్‌ఓసీ (అమ్మకానికి మాకు అభ్యంతరం లేదనే పత్రం) ఇవ్వమనండి, అప్పిచ్చిన సంస్థ లెటర్‌హెడ్ మీద.

ఇటుక_ఇసుక

నేను చిన్న బిల్డర్ని, ఐదంతస్తులు కడుతుంటాను. పైన చెప్పింది చాలావరకు కరెక్టే గానీ మమ్మల్ని దొంగల్లా చూడకండి. 70 శాతం ఖాతా వచ్చాక మేస్త్రీలకి శనివారం బట్వాడా ఇవ్వాలన్నా, సిమెంటు లారీ దిగాలన్నా ముందు మా జేబులోంచే పెట్టాలి. పనయ్యాక సర్టిఫికెట్లు తెచ్చి తీసుకోవాలి. మూడు సంతకాల్లో ఒకరు ఊళ్లో లేకపోతే వారం ఆగిపోతాను. అందుకే మాలాంటివాళ్లు ఫైనాన్స్ కంపెనీల దగ్గరికి వెళ్లేది, అక్కడ రెండో రకం ఖాతా పుట్టేది.

ఇంకొకటి. ఆ 6 లక్షలు 'బిల్డర్ ఇష్టం' అన్నారు. ఆఫీసు అద్దె, జీతాలు, ఏజెంటు కమిషన్, వడ్డీ ఇవన్నీ అందులోంచే పోవాలి. కిందా మీదా పడుతుంటాం.

పాత_బ్యాంకోడు

ఒప్పుకుంటాను. మాట తూలాను.

ఫ్రిస్కో_పద్మ

ఇక్కడ టెక్సస్‌లో ఎస్క్రో అనే మాట వినకుండా ఇల్లు కొనలేరు. రెండుసార్లు వింటారు, రెండూ వేరు. నాకు మూడేళ్లకి గానీ తేడా అర్థం కాలేదు.

మొదటిది కొనేటప్పుడు. మా ఇల్లు నాలుగున్నర లక్షల డాలర్లు. ఆఫర్ ఒప్పుకున్నాక 1 శాతం, అంటే 4,500 డాలర్లు ఎర్నెస్ట్ మనీ కట్టాం. మా గుంటూరు భాషలో బజానా. కానీ అమ్మేవాళ్లకి కాదు, టైటిల్ కంపెనీకి, అంటే ఇంటి హక్కు కాగితాలు పరిశీలించి మధ్యలో ఉండి అమ్మకం జరిపించే సంస్థకి. కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలికి ఈ పని ఎస్క్రో కంపెనీ చేసింది, అక్కడ అలాంటి కంపెనీలకి రాష్ట్రం లైసెన్సు ఉండాలి. ఇన్‌స్పెక్షన్‌లో ఇల్లు నచ్చకపోతే వెనక్కి తగ్గడానికి కొన్ని రోజుల గడువుంటుంది, ఆ హక్కు కోసం వేరే చిన్న ఫీజు కట్టాం, అది ఎలాగూ తిరిగి రాదు. ఆ గడువులో తప్పుకుంటే ఎర్నెస్ట్ మనీ వెనక్కొస్తుంది. గడువు దాటాక కారణం లేకుండా మానుకుంటే పోతుంది.

క్లోజింగ్ రోజు టైటిల్ కంపెనీ ఆఫీసులో గంటన్నర సంతకాలు పెట్టాం. నా పేరు నాకే కొత్తగా కనిపించింది. అమ్మినవాళ్ల ముఖం కూడా చూడలేదు, వాళ్లు పొద్దున్నే వచ్చి సంతకం పెట్టి వెళ్లిపోయారట. అన్నీ అయ్యాక తాళాలివ్వలేదు. "బ్యాంకు డబ్బు ఇంకా రాలేదు, ఫండింగ్ అయ్యాక ఫోన్ చేస్తాం" అన్నారు. మా అత్తగారు పాలు పొంగించడానికి గిన్నె ఒళ్లో పెట్టుకుని కార్లో రెండు గంటలు కూర్చున్నారు. నాలుగింటికి ఫోనొచ్చింది. అప్పుడు నాకు తెలిసింది, మా సంతకాలు, వాళ్ల సంతకాలు, మా డబ్బు, బ్యాంకు డబ్బు అన్నీ ఆ ఆఫీసులో ఒకదానికోసం ఒకటి ఆగి ఉన్నాయని.

రెండోది కొన్నాక. నెలనెలా కట్టే ఇంటి వాయిదాలో అప్పు కాకుండా ఇంకొంత పట్టుకుని ఎస్క్రోలో వేస్తారు, దాంతో ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్ వాళ్లే కడతారు. టెక్సస్‌లో పన్ను జనవరి 31లోపు కట్టాలి, అంత పెద్ద మొత్తం ఒక్కసారి తీయడం కష్టం కాబట్టి ఇదీ ఒకందుకు మంచిదే. కానీ ఏడాదికోసారి ఎస్క్రో లెక్క అని ఒక కవరొస్తుంది. మాకు మొదటి ఏడు పన్ను 9,600, ఇన్సూరెన్స్ 3,600, కలిపి 13,200. నెలకి 1,100. మరుసటి ఏడు పన్ను 10,800, ఇన్సూరెన్స్ 4,800 అయ్యాయి. నెలకి 1,300 అవ్వాలి కదా? 1,500 అన్నారు. వాళ్లు ముందే కట్టేసిన 2,400 తేడాని కూడా పన్నెండు నెలలకి పంచారు, అది నెలకి 200. వడ్డీ మారని అప్పు తీసుకున్నాం కదా, వాయిదా ఎలా పెరిగిందని మా ఆయన బ్యాంకుతో గంట వాదించాడు.

నెల్లూరు_రొయ్య

అక్కా, వాళ్లు ఎంతైనా పట్టుకోవచ్చా మరి? హద్దేమీ లేదా?

ఫ్రిస్కో_పద్మ

ఉంది. ఏడాది మొత్తంలో ఆరో వంతు, అంటే రెండు నెలల సొమ్ముకి మించి అదనంగా ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. మా లెక్కలో కొత్త ఏడాదికి 2,600. కవర్లో ఆ అంకె చూసుకోండి. ఇంకో మాట, క్లోజింగ్ ముందు "ఖాతా మారింది, ఈ నంబరుకి పంపండి" అని టైటిల్ కంపెనీ పేరుతో దొంగ మెయిల్ వస్తుంది. మెయిల్‌లో ఉన్న నంబరుకి కాదు, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగండి.

బెజవాడ_బెంజ్‌సర్కిల్

పాత ఫ్లాటు కొన్నప్పుడు నాకు జరిగింది చెబుతా. అమ్మేవాడికి హోమ్‌లోన్ 23 లక్షలు మిగిలి ఉంది, ఒరిజినల్ కాగితాలు వాళ్ల బ్యాంకులో. అప్పు తీరితే గానీ కాగితాలివ్వమని వాళ్లు. కాగితాలు చూపిస్తే గానీ లోన్ ఇవ్వమని నా బ్యాంకు. చివరికి వాళ్ల బ్యాంకు నుంచి అప్పు మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటరూ, వాళ్ల దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితా తెప్పించి, నా బ్యాంకు 23 లక్షల డీడీ నేరుగా ఆ లోన్ ఖాతా పేరునే తీసింది. అమ్మేవాడి చేతికి పోలేదు, అది నయం.

మిగతా డబ్బు దగ్గర వచ్చింది చిక్కు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నా చొక్కా జేబులో డీడీ, అతని చేతిలో పెన్ను. "ముందు ఇవ్వండి" అంటాడు, "ముందు వేలిముద్ర వెయ్యండి" అంటాను. పక్కన మా మామయ్య "టోకెన్ పిలుస్తున్నారురా" అని గోల. మా లేఖరి గారు ఇలాంటివి వంద చూసినట్టున్నాడు. డీడీ తీసుకుని కవర్లో పెట్టి, కవరు మీద ఇద్దరి చేతా సంతకం చేయించి, తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఫొటోలు, వేలిముద్రలు అయ్యి డాక్యుమెంటు నంబరు పడ్డాక కవరు తీసి అతనికిచ్చాడు. అయిదు నిమిషాల పని. అదీ ఎస్క్రోనేనా?

కోర్టు_మెట్లు

నిక్షేపంగా ఎస్క్రోనే. షరతు కూడా చక్కగా ఉంది, 'నంబరు పడ్డాక'. కానీ కాగితం మీద ఏమీ లేదు. మధ్యలో ఇద్దరూ పోట్లాడుకుని ఉంటే ఆ కవరు ఎవరికివ్వాలి? ఆయనకే ఏదైనా అయితే సొరుగు తాళం ఎవరి దగ్గరుంది? ఈసారి కవరు మీద సంతకాల కింద రెండు లైన్లు కూడా రాయించండి.

అప్పు తీరాక ఒరిజినల్స్ కోసం తిరిగారా? ఇప్పుడైతే 2023 డిసెంబరు 1 నుంచి ఆర్‌బీఐ నిబంధన ఉంది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో కాగితాలు ఇచ్చెయ్యాలి, తప్పు వాళ్లదై ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు పరిహారం.

బెజవాడ_బెంజ్‌సర్కిల్

నాది 2019. నెలన్నర తిప్పారు, కాఫీ కూడా ఇవ్వలేదు.

లెన్స్_పోయినోడు

నేను వేరే రకంగా దెబ్బతిన్నాను. సెకండ్‌హ్యాండ్ కెమెరా బేరం ఆడాను. అమ్మేవాడే "మీకు నమ్మకం లేకపోతే ఎస్క్రోలో వేద్దాం అన్నా" అన్నాడు. అబ్బ, ఎంత మంచివాడో అనుకున్నాను. లింకు పంపాడు, అందమైన వెబ్‌సైటు, తాళం గుర్తు, కస్టమర్ కేర్. 35,000 వేశాను. కెమెరా లేదు, మర్నాటికి సైటూ లేదు. మూడో మనిషిని కూడా వాడే తయారుచేసుకున్నాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి రెండు రోజులు దాటింది, డబ్బు ఎప్పుడో చేతులు మారిపోయింది.

భీమవరం_బుల్లోడు

పందెం పెద్దమనిషి కోడి ఓనరు బావమరిది అన్నమాట.

దలాల్_తాతయ్య

షేర్లలో ఇదే పని కొలిచి పెట్టారు. ఒక కంపెనీని ఇంకొకరు కొంటూ మామూలు వాటాదార్లకి 'మీ షేర్లూ ఈ రేటుకి కొంటాం' అని ఓపెన్ ఆఫర్ ఇస్తే, 2011 సెబీ నిబంధనల ప్రకారం మొదటి 500 కోట్లకి 25 శాతం, ఆ పైదానికి 10 శాతం ముందే ఎస్క్రోలో పెట్టాలి. 800 కోట్ల ఆఫర్ అయితే 125, 30 కలిపి 155 కోట్లు. ఉత్తినే ఆఫర్ ప్రకటించి రేటు లేపి జారుకోకుండా. 1990లలో ప్రైవేటు కరెంటు కంపెనీలు కూడా రాష్ట్ర విద్యుత్ బోర్డుల మీద నమ్మకం లేక బిల్లుల వసూళ్లని ఎస్క్రో చెయ్యమని పట్టుబట్టాయి. అప్పట్లో పేపర్లలో ఈ మాట తెగ కనిపించేది, సగం మంది 'ఎక్సో' అని చదివేవాళ్లం.

కిరాయి_కూకట్‌పల్లి

అప్‌డేట్. ఆదివారం వెళ్లాను, నాన్నని కూడా తీసుకెళ్లాను. 20 కట్టను, 10 శాతంలోపు ఇచ్చి అగ్రిమెంటు రిజిస్టర్ అయ్యాక మిగతాది అన్నాను. సేల్స్ అబ్బాయి మేనేజర్‌ని పిలిచాడు. ఆయన కాసేపు "అందరూ ఇలాగే కట్టారు సార్" అని, చివరికి సరేనన్నాడు. అంటే ముందునుంచీ తెలుసన్నమాట.

తర్వాత నాన్న ఆయన ప్రశ్న ఆయన అడిగారు. మేనేజర్ నవ్వి, రెరాకి ఇచ్చిన డిక్లరేషన్ జిరాక్సు, ఖాతా వివరాలు చేతిలో పెట్టాడు. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని, డబ్బు కట్టమని మాకిచ్చిన డిమాండ్ లెటర్ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె చదివారు. బ్యాంకు వేరు. ఖాతా నంబరు వేరు. డిమాండ్ లెటర్‌లో ఖాతా పేరు చివర 'ఎస్క్రో' అని ఉంది, రెరాకి ఇచ్చిన దాంట్లో ఆ మాటే లేదు.

అడిగితే "అది ఫైనాన్స్ వాళ్లది సార్, అందులోంచి 70 శాతం ఇందులోకి వెళ్తుంది" అన్నాడు. వెళ్లినట్టు ఏదైనా కాగితం చూపించమన్నాం. "అకౌంట్స్ సార్ మంగళవారం వస్తారు" అన్నాడు. ఎన్‌ఓసీ మాట ఎత్తితే "అది రిజిస్ట్రేషన్ టైముకి ఇస్తాం" అంటున్నాడు. రూపాయి కట్టకుండా వచ్చేశాం.

పాత_బ్యాంకోడు

ఆయన చెప్పింది అబద్ధం కాకపోవచ్చు, అలా ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి మళ్లించే ఏర్పాట్లుంటాయి. కానీ ఎన్‌ఓసీ సేల్ డీడ్ దాకా ఆగకూడదు, అగ్రిమెంటుతో పాటే కావాలి. అందులో మీ ఫ్లాటు నంబరూ, మీరు డబ్బు కట్టాల్సిన ఖాతా నంబరూ రెండూ ఉండాలి. మంగళవారం నాన్నగారిని మళ్లీ తీసుకెళ్లండి.

కిరాయి_కూకట్‌పల్లి

ఆయనే బయల్దేరేలా ఉన్నారు సార్. కళ్లజోడుకి కొత్త తాడు కట్టుకున్నారు.